నేల స్లాబును బేస్‌మెంటు గోడతో కలపాలా, విడదీయాలా?

నేల స్లాబు పోయడానికి ముందు రోజు మీ మేస్త్రీని ఒక్క ప్రశ్న అడగండి: ఈ స్లాబు బరువు దేని మీద పడుతుంది? "లోపల నింపిన మొరం మీద" అంటే ఒక పద్ధతి. "బేస్‌మెంటు గోడల మీద" అంటే మరో పద్ధతి. (బేస్‌మెంటు అంటే ఇక్కడ బయటి నేల నుంచి ఇంటి నేల దాకా లేపిన కట్టుబడి.) "రెండింటి మీదా పడుతుంది, ఇంకా గట్టిగా ఉంటుంది" అన్నారంటే మాత్రం మర్నాటి కాంక్రీటు ఆపించండి.

హైదరాబాదు శివార్లలో నూట యాభై, రెండు వందల గజాల స్థలాల్లో కట్టే ఇళ్లకు సైట్ ఇంజనీరుని నేను. మీర్‌పేట, బడంగ్‌పేట వైపు కొన్ని, నాగారం, దమ్మాయిగూడ వైపు కొన్ని. ఇల్లు ఒకసారి చూసి వెళ్లమ్మా అని పిలిచేవాళ్లలో ఎక్కువ మంది చూపించేది ఒకే రకం పగులు. గోడకు అడుగో అడుగున్నరో ఎడంగా, గోడ వెంబడే, హాలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా టైల్స్‌ను చీల్చుకుంటూ పోతుంది. పునాది కుంగిందేమోనని ఇంటివాళ్లకు నిద్ర ఉండదు. చాలాసార్లు పునాది ఎక్కడిదక్కడే ఉంటుంది. కుంగింది లోపల నింపిన మట్టి.

జరిగేది ఇది. మొరం మీద పోసిన స్లాబు అంచును నాలుగు అంగుళాలు గోడ మీదికి ఎక్కిస్తారు. లేదా "పట్టు కోసం" గోడలోంచి చువ్వలు తీసి స్లాబులో కలుపుతారు. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి మొరం కుదురుకుంటుంది. అంచు గోడను పట్టుకుని అక్కడే ఆగిపోతుంది, నడుము కిందికి దిగుతుంది. నులక మంచం నడుము జారితే నులక సాగుతుంది. కాంక్రీటు సాగదు, గోడ లోపలి అంచుకు కాస్త దూరంలో విరుగుతుంది. మొరం మీద కూర్చునే స్లాబులో ఇనుము చాలా తక్కువ. ఆ ఉన్నది కూడా ఎండకు, ఆరుదలకు వచ్చే సన్న పగుళ్లను అదుపు చేయడానికే తప్ప బరువు మోయడానికి కాదు. దాన్ని గోడకు కట్టేసి, కింద ఆసరా లేకుండా గది వెడల్పంతా మొయ్యమంటే మోయలేదు.

అందుకే నా లెక్క సూటిగా ఉంటుంది. కలపదలుచుకుంటే స్లాబు తన బరువంతా గోడల మీదే వేసేలా డిజైను చేయించి, దానికి తగిన చువ్వలు కట్టించి కలపండి. విడదీయదలుచుకుంటే ఒక్క చువ్వ, ఒక్క రాయి ముక్కు కూడా తగలకుండా విడదీయండి. పగుళ్లన్నీ ఈ రెండింటి మధ్యలోంచే పుడతాయి.

మన ఊళ్లో ఈ సమస్య ఎక్కువ కావడానికి ఒక కారణం ఉంది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు వేస్తారు. పదేళ్లు తిరిగేసరికి వాకిలి కంటే రోడ్డు ఎత్తవుతుంది. దానికి తోడు 2020 అక్టోబరు వరదల్లో కాలనీలకు కాలనీలు మునిగాక, ఎవరిని అడిగినా బేస్‌మెంటు మూడడుగులు, నాలుగడుగులు ఉండాలనే అంటున్నారు. అనడంలో తప్పేమీ లేదు. కానీ బేస్‌మెంటు ఎంత ఎత్తు పెరిగితే లోపల నింపే మట్టి అంత లోతు పెరుగుతుంది. మూడడుగుల మట్టి నూటికి రెండు పాళ్లు కుదురుకున్నా 18 మి.మీ. దిగుతుంది. ఒకటిన్నర అడుగు బేస్‌మెంటు రోజుల్లో కనిపించకుండా సర్దుకుపోయిన తప్పు ఇప్పుడు టైల్స్ మీద గీత గీసి మరీ కనిపిస్తుంది.

ఏ పద్ధతి ఎవరికి?

ఎర్ర మొరం నేల, అడుగున రాయి తగిలే స్థలం, నింపాల్సిన లోతు మూడడుగుల లోపు ఉంటే స్లాబును మట్టి మీద వేసి, గోడ నుంచి విడదీయడమే చవక, మేలు. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు స్థలం కొని నల్లరేగడిలో కడుతుంటే లెక్క మారుతుంది. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాని మీద పోసిన నేల ఒక కాలంలో పైకి లేస్తుంది, మరో కాలంలో కిందికి దిగుతుంది. అక్కడ స్లాబును గోడల మీద, బీముల మీద మోయించి, కింద మట్టి తగలకుండా ఖాళీ ఉంచాలి. ఎంత ఖాళీ అన్నది మట్టి పరీక్ష చూసి స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాల్సిన మాట. ఏటవాలు స్థలంలో ఒక మూల నింపకం ఐదారు అడుగులు వచ్చినా, కింద సెల్లార్ ఉన్నా గోడల మీద మోసే స్లాబే కావాలి. అనుమతి కోసం పెట్టిన ప్లానులో ఈ వివరం వెతక్కండి, ఉండదు. స్ట్రక్చరల్ డ్రాయింగులో గోడ, స్లాబు కలిసే చోట కోసి చూపించిన బొమ్మ విడిగా అడిగి గీయించుకోండి.

మట్టి మీద కూర్చునే స్లాబు

ముందు గోడ లోపలి ముఖం చూడండి. మన దగ్గర బేస్‌మెంటు గోడ ఎక్కువగా గ్రానైట్ రాతి కట్టుబడి. బయటి ముఖం చక్కగా చెక్కిన రాయితో, దర్జులతో ముచ్చటగా ఉంటుంది. లోపలి ముఖం ఎవరూ చూడరు కాబట్టి రాళ్ల ముక్కులు రెండేసి మూడేసి అంగుళాలు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. కాంక్రీటు ఆ ముక్కుల కింద, సందుల్లో దూరి గట్టిపడితే స్లాబు గోడకు చిక్కుకున్నట్టే, చువ్వలు కలపకపోయినా సరే. స్లాబు మందం కంటే నాలుగైదు అంగుళాలు కిందిదాకా ఆ ముఖాన్ని 1:4 (ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక) సిమెంటు మాలుతో పూసి నునుపు చేయించండి. మరీ పొడుచుకొచ్చిన రాయిని ముందే సుత్తితో కొట్టించాలి. పూత ఖర్చు తక్కువే. "లోపలి ముఖానికి పూతేమిటి?" అని మేస్త్రీ నవ్వితే నవ్వనివ్వండి.

తర్వాత నింపకం. నేను ఎక్కువ సేపు నిలబడేది ఇక్కడే. పునాది తవ్విన మట్టిలో నల్లమట్టి, వేర్లు, చెత్త లేకపోతేనే వాడాలి. పాత ఇల్లు కూల్చిన ఇటుక ముక్కలు, సున్నం, టైల్స్ పెంకులు కలిసిన లోడు చవకగా వస్తుందని నింపుతారు. ఆ ముక్కల మధ్య గాలి గదులు ఉండిపోతాయి, తర్వాత ఏడాదికింత చొప్పున కూలుతూ ఉంటాయి. మొరమే తెప్పించండి. ఒక్కో పొర ఆరు నుంచి ఎనిమిది అంగుళాలకు మించకూడదు. పొర పరిచి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. ప్లేట్ కంపాక్టర్ (అదురుతో మట్టిని అణిచే యంత్రం) అద్దెకు దొరుకుతుంది, మూడడుగుల నింపకానికి అది లేకుండా పని మొదలుపెట్టకండి. తడి ఎంత ఉండాలంటే, గుప్పెడు మొరం పిసికితే ఉండ కట్టాలి, అరచేతికి నీరు అంటకూడదు.

మూడడుగులూ ఒకేసారి నింపి ట్యాంకరు నీళ్లు వదిలితే "అదే కూర్చుంటుంది" అనే మాట ప్రతి సైటులో వింటాను. ఇసుకైతే నీళ్లకు చాలావరకు కూర్చుంటుంది. బంక పాలు ఉన్న మొరం బురదవుతుంది, పైన అట్ట కడుతుంది, లోపల వదులుగానే ఉంటుంది. పైగా ఆ బురద కొత్త రాతి గోడను బయటికి నెడుతుంది. గోడ కట్టిన వారానికి గానీ నింపకం మొదలుపెట్టవద్దు. లోపల ఒక పొర, బయట ఒక పొర చొప్పున రెండు వైపులా పైకి రావాలి. లోపల మొత్తం నింపేసి బయట ఖాళీగా వదిలేస్తే గోడ పొట్ట ఉబ్బుతుంది. గోడ వారగా, మూలల్లో యంత్రం పోదు. అక్కడ చేతి దిమ్మిసతో కొట్టించాలి. సరిగ్గా అక్కడే పనివాళ్లు వదిలేస్తారు, సరిగ్గా అక్కడే నేల కుంగుతుంది.

చెదల మందు స్లాబుకు ముందే పడాలి. నింపిన నేల మీద చదరపు మీటరుకు 5 లీటర్ల ద్రావణం, గోడా నేలా కలిసే వార వెంబడి అంతకంటే ఎక్కువ. చెదలు పైకి వచ్చే దారి ఆ వారే కదా. అక్కడ గాడి తీసి, చువ్వతో రంధ్రాలు గుచ్చి పోయించండి. మందు చల్లేవాళ్లు గది మధ్యలో చల్లి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు, వార దగ్గర మీరే నిలబడాలి.

ఆ పైన నాలుగంగుళాల పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు), దాని మీద 250 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు. షీటు అతుకులు అర అడుగుకు తగ్గకుండా ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. అంచును గోడ వెంట పైకి మడిచి, గోడలో వేసిన తేమ ఆపే పొర దాకా తీసుకెళ్లాలి. కింది నుంచి పైకి ఎక్కే తేమను షీటు ఒక్కటీ ఆపదు, గోడలోని పొర ఒక్కటీ ఆపదు. రెండూ కలిసే చోట సందు ఉంటే ఆ సందులోంచే చెమ్మ వచ్చి స్కర్టింగు పైన సున్నం పొరలుగా రాలుతుంది.

ఇక ఈ పద్ధతికి ప్రాణం లాంటి పని. గోడ చుట్టూ 12 మి.మీ. మందం బిటుమెన్ బోర్డు (తారు పట్టించిన అట్ట) నిలబెట్టాలి. దొరక్కపోతే గట్టి రకం థర్మోకోల్ షీటైనా ఫరవాలేదు. బోర్డు స్లాబు అడుగు నుంచి పై మట్టం దాకా పూర్తిగా ఉండాలి. రెండు బోర్డుల అతుకు దగ్గర సందు ఉంటే టేపు వేయాలి, లేకపోతే సిమెంటు పాలు దూరి గట్టిపడి అక్కడక్కడా గోడకు అతుకుతుంది. స్తంభాల చుట్టూ కూడా ఇదే బోర్డు. స్తంభం మూలల దగ్గర స్లాబు ఐమూలగా పగలడం మామూలు కాబట్టి, స్తంభం చుట్టూ నలుచదరంగా కొంత చోటు వదిలేసి దాన్ని తర్వాత విడిగా పోయించడం నా అలవాటు.

స్లాబు నాలుగంగుళాలు, ఎమ్20 బలం రకం కాంక్రీటు, 8 మి.మీ. చువ్వలు రెండు వైపులా 200 మి.మీ. దూరంలో జాలీ. జాలీ స్లాబు మందంలో పై మూడో వంతులో ఉండాలి, కుర్చీలు (చువ్వ వంచి చేసిన ఆసరాలు) పెట్టి నిలబెట్టండి. నేల మీద పరిచి, పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతామంటారు. లాగరు. జాలీ చువ్వల కొసలు బోర్డుకు రెండంగుళాల ముందే ఆగాలి. ఒక్క చువ్వ బోర్డును పొడుచుకుని గోడ వైపు వెళ్లినా ఇన్నాళ్ల పని వృథా. గది పది అడుగులు దాటితే స్లాబును భాగాలు చేస్తూ మర్నాడే యంత్రంతో అంగుళం లోతు గాడి కోయించండి, వేసవిలో అయితే ఇంకా ముందే. పగులు వస్తే ఆ గాడిలో వస్తుంది, మీరు చూడరు.

గదికీ గదికీ మధ్య ద్వారం దగ్గర చిన్న చిక్కు ఉంది. అక్కడ గోడ లేదు, కింద ప్లింత్ బీము (బేస్‌మెంటు తల మీద పోసిన కాంక్రీటు దూలం) మాత్రం ఉంది. రెండు గదుల స్లాబులు ఒక్కో పక్క నుంచి వచ్చి ఆ బీము దగ్గర ఆగుతాయి. బోర్డు రెండు వైపులా వస్తుంది. ద్వారం కింద ఎలాగూ గ్రానైట్ పట్టీ వేస్తాం కాబట్టి, ఆ పట్టీని సరిగ్గా బీము వెడల్పుకు కోయించి బీము మీదే కూర్చోబెడితే రెండు సందులూ పట్టీ అంచుల్లో కలిసిపోతాయి.

నీటి పైపులను మాత్రం స్లాబు మందంలో పెట్టి ఈ సందు దాటించవద్దు. స్లాబు కాస్త దిగిందంటే పైపు అక్కడే తెగుతుంది. కారే నీరు మొరాన్ని కోసుకుపోతుంది, నేల ఇంకా దిగుతుంది. పైపు స్లాబు కింద నుంచి వెళ్లి, గోడలో ముందే పెట్టిన పెద్ద పైపు ముక్కలోంచి బయటికి రావాలి.

గోడల మీద మోసే స్లాబు

ఇక్కడ అంతా తలకిందులు. విడదీయడం కోసం పడిన పాట్లన్నీ మరచిపోయి, గట్టిగా కలపడం గురించి ఆలోచించాలి.

రాతి గోడ తల మీద స్లాబును నేరుగా వేయకూడదు. ఎత్తుగా ఉన్న రెండు మూడు రాళ్ల మీదే బరువు పడి, మిగతా చోట్ల ఖాళీ ఉంటుంది. గోడ పూర్తి వెడల్పున ఆరంగుళాల కాంక్రీటు పట్టీ వేయాలి. దీన్నే కొందరు ప్లింత్ బ్యాండు అంటారు. రాతి, ఇటుక ఇళ్లకు భూకంప రక్షణ గురించి చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 4326 ప్రకారం నాలుగు చువ్వలు వేసే బ్యాండు 150 మి.మీ.కు తగ్గకూడదు, రింగులు 150 మి.మీ. దూరంలో ఉండాలి. మూలల దగ్గర రెండు వైపుల చువ్వలు ఒకదాని మీద ఒకటి దాటి ఆగిపోతే చాలదు. మూల తిరిగి అవతలి గోడలోకి వెళ్లాలి, అప్పుడే నాలుగు గోడలూ ఒక కట్టుగా నిలబడతాయి. హైదరాబాదు తక్కువ ప్రమాదం ఉన్న రెండో జోన్‌లో ఉంది, నిజమే. కానీ 1993 సెప్టెంబరు 30న లాతూర్ ప్రాంతంలో నేలమట్టమైన ఇళ్లు ఎక్కువగా ఇలాంటి కట్టు లేని రాతి ఇళ్లే. 2024 డిసెంబరు 4న ములుగులో వచ్చిన 5.3 తీవ్రత భూకంపం హైదరాబాదులోనూ తెలిసింది. బ్యాండుకు అయ్యే ఇనుము ఖర్చు ముందు ఇవన్నీ చెప్పి ఒప్పించాల్సి రావడం నాకు ఇప్పటికీ వింతే.

బ్యాండు పోసేటప్పుడే స్లాబులోకి వెళ్లే డోవెల్ చువ్వలు అందులో నిలబెట్టాలి. నేను 10 మి.మీ. చువ్వను రెండడుగులకొకటి పెట్టిస్తాను. మీ డ్రాయింగులో దగ్గరగా ఉంటే అదే పాటించండి. ఎమ్20 కాంక్రీటులో ఫె500 బలం రకం చువ్వకు పూర్తి పట్టు దొరకాలంటే దాని వ్యాసానికి సుమారు 57 రెట్లు పాతుకోవాలి, అంటే 10 మి.మీ. చువ్వకు 570 మి.మీ. స్లాబు వైపు రెండడుగులు వంచి పడుకోబెట్టడం సులువే. చిక్కంతా కింది వైపు. ఆరంగుళాల బ్యాండులో నిలువుగా రెండడుగుల పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని కింది కొసను బ్యాండు కింది చువ్వల అడుగున వంచి, గోడ పొడవునా అడుగున్నర నడిపించాలి. ఊరికే నిలబెట్టి గుచ్చిన చువ్వ చూడ్డానికి బాగుంటుంది, లాగితే ఊడి వస్తుంది.

నాలుగు గోడలకూ డోవెల్స్ ఉండాలి. స్లాబు ముఖ్యమైన చువ్వలు పొట్టి వైపు నడుస్తాయి కాబట్టి ఆ రెండు గోడలకే పెట్టి, మిగతా రెంటినీ వదిలేస్తారు. సెల్లార్‌లో వదిలేసిన ఆ గోడను కూడా బయటి మట్టి అంతే బలంగా నెడుతుందని గుర్తుంచుకోండి.

స్లాబు గోడ మీద ఎంత కూర్చోవాలి? నాలుగంగుళాలు అనేది నోటి లెక్కగా స్థిరపడిపోయింది. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ఇలా చూస్తుంది: కింది చువ్వల్లో కనీసం మూడో వంతు ఆసరాలోకి వెళ్లాలి, పూర్తి పట్టు పొడవులో మూడో వంతు దూరం లోపలికి పోవాలి. 8 మి.మీ. చువ్వకు అది దాదాపు 150 మి.మీ., ఆరంగుళాలు. చువ్వ కొసను కప్పే కాంక్రీటు మరో అంగుళం. అంటే నాలుగంగుళాల ఆసరాలో తిన్నటి చువ్వకు చోటే చాలదు. గోడ ఎలాగూ పదిహేను, పద్దెనిమిది అంగుళాలు ఉంటుంది, స్లాబును ఎనిమిది అంగుళాలైనా ఎక్కించండి. లేదంటే కొసలు కొక్కేలుగా వంచించండి.

బ్యాండు గట్టిపడ్డాక పైన తేలిన పాల పొరను ఉలితోనో తీగ బ్రష్షుతోనో గీకి, కంకర కనిపించేలా గరుకు చేయాలి. కడిగి, స్లాబు పోసే ముందు చిక్కటి సిమెంటు పాలు పూయాలి. అంతకు ముందు రోజే బ్యాండును బాగా తడపండి, ఎండిన పాత కాంక్రీటు కొత్త కాంక్రీటులోని నీటిని పీల్చేస్తుంది. ఇక్కడ కొందరు మేస్త్రీలు గోడ తల మీద నునుపు పూత పూసి, తారు కాగితం పరిచి స్లాబు వేస్తారు. పై కప్పు స్లాబుకు అది సరైన పని. ఎండకు కప్పు సాగుతుంది, 12 మీటర్ల స్లాబు 30 డిగ్రీల తేడాకు మూడున్నర మి.మీ. దాకా పొడుగవుతుంది, జారడానికి చోటు లేకపోతే కింద గోడ పగులుతుంది. నేల స్లాబుకు ఎండ తగలదు. ఇక్కడ కాగితం వేస్తే మనం కోరుకున్న పట్టునే తెంపినట్టు.

సెల్లార్ కట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. బయటి మట్టి నింపకం స్లాబు పోసి గట్టిపడేదాకా ఆగాలి. గోడ తలను స్లాబే పట్టుకుని నిలబెడుతుంది. అది లేనప్పుడు మట్టి నింపి, దాని పక్కనే ఇసుక లారీ నిలబెడితే గోడ లోపలికి వాలుతుంది. ఆసరాకూ ఆసరాకూ మధ్య స్లాబు దూరం నాలుగున్నర మీటర్ల లోపైతే ఆసరా కర్రలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలన్నది ఐఎస్ 456 లెక్క. కర్రలు తీశాకే నింపకం మొదలుపెట్టండి. వానలు దగ్గరపడ్డాయని తొందర చేసేవారు ఉంటారు, వినవద్దు.

పాత గోడకు కొత్త స్లాబు

పాత ఇంటి పక్కన గది పెంచుతున్నప్పుడు చువ్వలు ముందే పెట్టే అవకాశం ఉండదు, రంధ్రాలు వేసి కెమికల్‌తో నాటాలి. రంధ్రం రాయిలో పడాలి, రాళ్ల మధ్య మాలులో కాదు. మన గ్రానైట్‌లో డ్రిల్లు మెల్లగా దిగుతుంది కాబట్టి పనివాళ్ల చెయ్యి మాలు వైపే పోతుంది. 10 మి.మీ. చువ్వకు 12 నుంచి 14 మి.మీ. రంధ్రం, లోతు కనీసం నాలుగంగుళాలు, కెమికల్ తయారీదారు పట్టికలో ఎక్కువ రాసి ఉంటే అంత. డ్రిల్లు చేశాక గాలి ఊది, బ్రష్షుతో రుద్ది, మళ్లీ ఊదాలి. ధూళి మిగిలితే కెమికల్ ధూళిని పట్టుకుంటుంది, రాయిని పట్టుకోదు. మే నెల ఎండలో ఆ మందు నిమిషాల్లో బిగుసుకుంటుంది, పొద్దున్నే చేయించండి. గట్టిపడ్డాక రెండు మూడు చువ్వలను లాగి చూడాలి.

పాతబస్తీలోని డంగు సున్నం గోడలకు మాత్రం డ్రిల్లు పెట్టనివ్వకండి. రెండు ముఖాల మధ్య చిన్న రాళ్లు, సున్నం కలిపి నింపిన గోడలవి, అదురుకు లోపలే వదులవుతాయి. అలాంటి చోట కొత్త స్లాబును దాని సొంత స్తంభాలు, బీముల మీద నిలబెట్టి, పాత గోడకు తగలకుండా సందు వదలడమే మంచిది.

నీళ్లు పట్టడం, టైల్స్

ఈ రోజుల్లో వచ్చే సిమెంటు బస్తా మీద సాధారణంగా పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) అని ఉంటుంది. దానికి కనీసం 10 రోజులు, ఎండలు మండుతుంటే 14 రోజులు నీళ్లు పట్టాలి. స్లాబు మీద మళ్లు కట్టి నీరు నిలిపితే సరిపోతుంది. బోర్డు వార కూడా తడిగా ఉండాలి.

సీలెంటుకు (సందులో నింపే సాగే మందుకు) తొందర లేదు. స్లాబు ఆరాక బోర్డు పై అర అంగుళం గీకి తీసి, దుమ్ము ఊది, పాలీసల్ఫైడో పాలీయూరిథేనో నింపాలి. టైల్స్ వేసినప్పుడు ఆ సందు పైకి కూడా అలాగే కొనసాగాలి. తొమ్మిది అంగుళాల బీము మీద నాలుగున్నర అంగుళాల గోడ కట్టినప్పుడు బీము అంచు గదిలోకి రెండంగుళాలు వస్తుంది. ఒకే టైలు సగం బీము మీద, సగం స్లాబు మీద కూర్చుంటే విరిగేది అదే. బీము అంచు దగ్గర టైలు కోసి, అక్కడ సీలెంటు పెట్టించండి. స్కర్టింగును గోడకే అతికించాలి, దాని కింద నేలతో కలిసే చోట గట్టి గ్రౌటు నింపకూడదు.

టైల్స్ వేసేవాళ్లు స్లాబు పోసిన చాలా నెలల తర్వాత వస్తారు. ఇన్ని జాగ్రత్తలతో వదిలిన సందు వాళ్లకు పనివాళ్లు మరచిపోయిన కన్నంలా కనిపిస్తుంది. తెల్ల సిమెంటు కూరి నునుపు చేసేస్తారు, అదీ ఎంతో శ్రద్ధగా. అందుకని గోడ మీద సందుకు పైన ఎర్ర రంగుతో "ఇక్కడ సిమెంటు నింపవద్దు" అని రాయించండి. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. టైల్స్ పనిచేసేవాళ్లలో చాలామంది రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు.